ఫ్లోరిందా చదివిన అట్ట

చున్‌హా,
14 జనవరి 1974

అత్తా,

నీ ఒదిలియా బతికే ఉంది. మూడు నెలల నుంచి ఉత్తరం లేదని నువ్వు తిట్టే తిట్లు ఇక్కడిదాకా వినిపిస్తూనే ఉన్నాయి. ఏం చేయను, ఒక గది, ఇరవై ముగ్గురు పిల్లలు, నేనొక్కదాన్నే టీచర్ని. పిల్లలు ఇంట్లో మాయా భాష మాట్లాడతారు, బడిలో స్పానిష్ నేర్చుకోవాలి. నాకు వచ్చిన మాయా అంతా చిన్నప్పుడు నువ్వు నన్ను తిట్టినదే. అది బడిలో పనికొస్తోంది కానీ సరిపోవడం లేదు.

నీతో పని పడింది. ఫ్లోరిందా అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది. అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. లెక్క తప్పదు. కానీ లేచి చదవమంటే మాత్రం పెదవులు కుట్టేసినట్టు నిలబడిపోతుంది. ఏడాదిన్నరగా ఒక్క ముక్క గట్టిగా చదవలేదట. పోయిన వారం ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, "జూన్ ఇరవై ఒకటిన మళ్ళీ వస్తాను, ఆ రోజు ఈ పిల్ల ఒక పేజీ బయటికి చదవకపోతే మళ్ళీ మొదటి తరగతిలో కూర్చోబెట్టాలి" అని రాసి వెళ్ళాడు. వాళ్ళ నాన్న నార్సిసో తేనెపెట్టెలు పెంచుతాడు. మంచివాడే. "పసిపిల్లల పక్కన కూర్చోడానికైతే బడెందుకు టీచరమ్మా? ఇంటికి తీసుకుపోతా, తేనె తీయడానికైనా సాయం ఉంటుంది" అన్నాడు. అన్న మాట మీద నిలబడే మనిషి.

పిల్లల నోరు ఆటలో తెరుచుకున్నట్టు పాఠంలో తెరుచుకోదు. అందుకని, ఆదివారాలు పార్కులో నువ్వు బొమ్మ చీటీ తీసి పిలుస్తుంటే జనం అట్టల మీద గింజలు పెట్టి వరస నింపే మన లోటెరియా ఆడిద్దామని. నువ్వు వాడి పక్కన పెట్టేసిన పాత చీట్ల కట్ట పంపగలవా? తొంభై బొమ్మల పేర్లూ ఒక కాగితం మీద రాసి జత చేశాను. ఒక్కో పేరు ఎదురుగా నువ్వు పిలిచే మాట రాసి తిప్పి పంపు. చోటు వదిలాను.

మోకాలు ఎలా ఉంది?

నీ మేనకోడలు,
ఒదిలియా


కంపేచే, శాన్ రోమాన్ పేట,
2 ఫిబ్రవరి 1974

సర్వేశ్వరుని అపార కృపాకటాక్షము వలన నేనిచ్చట క్షేమముగా నుండి, విద్యాదాన నిరతురాలవైన నీ యోగక్షేమములను అహర్నిశలు కాంక్షించుచున్నదాననై వ్రాయునది ఏమనగా:

ఒదిలియా, మోకాలు ఉంది. నాతోనే ఉంది. చిన్నప్పుడు నీకు తిట్లు నేర్పినందుకు ఇప్పుడు దండం పెట్టు.

నువ్వు పంపిన కాగితం కప్పు కారి తడిసి ముద్దయింది, పారేశాను. నాకు దానితో పనేముంది, మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. వరసగా చెప్తున్నా, నువ్వే రాసుకో. పుచ్చకాయ: పచ్చ రవిక, ఎర్ర పొట్ట, కోస్తే నల్ల పళ్ళతో నవ్వు. జింక: నెత్తిన కొమ్మలున్నాయి, ఒక్క ఆకూ లేదు. గంట: ఒక్క నాలుక, ఒక్క మాట, ఊరంతా లేచి కూర్చుంటుంది. పెలికాన్: మూతి కింద సంచి, సంచి నిండా చేప, అయినా ఆకలే. తేలు: మొహం చూసి మోసపోకు, తోక చూసి పక్కకి జరుగు. మిగతావి కింద ఉన్నాయి, నాలుగు పేజీలు. సగం మాయాలోనే చెప్పాను. మీ నాయనమ్మ నాకు అలాగే నేర్పింది, దాన్ని తిప్పితే రుచి పోతుంది.

రెండు సంగతులు గుర్తుపెట్టుకో. ఒకటి, బొమ్మ పేరు పిలిచేవాళ్ళ నోటి వెంట రాకూడదు. పేరు వాళ్ళే పట్టుకోవాలి. రెండు, ఎవరైనా "లోటెరియా!" అని అరిస్తే వెంటనే నమ్మి బహుమతి ఇచ్చేయకు. అట్ట చేతికి తెప్పించుకుని, గింజ పెట్టిన ఒక్కో గడినీ పైకి అందరికీ వినబడేలా చెప్పి, పిలిచిన చీట్లతో సరిచూడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను నా కళ్ళతో చూడనిదే ఎవరికీ ఇవ్వలేదు. పోయిన ఆదివారం మందుల షాపు విధవరాలు పిలవని తాబేలు మీద గింజ పెట్టి అరిచింది. పట్టుకున్నాను. "గాలికి జరిగింది" అంది. పార్కు పార్కంతా నవ్వింది. మొక్కజొన్న గింజలు బాగా ఎండినవి తీసుకో, లేకపోతే ఆట సగంలో పిల్లలు తినేస్తారు.

ఉత్తరం టైపు మిషన్ మీద కొట్టి ఉందేమిటని ఆశ్చర్యపోకు. చెయ్యి వణుకుతోంది, అందుకే.

ఆ పిల్లని బెదిరించకు.

కసిమిరా అత్త


చున్‌హా,
1 మార్చి 1974

అత్తా,

ఏమిటా మొదలు? "నుండి, కాంక్షించుచున్నదాననై"! మిషన్ కొంటే దానితోపాటు భాష కూడా ఇచ్చారా? పిల్లలకి చదివి వినిపిస్తే ఎవరో బిషప్ రాశాడనుకున్నారు.

నీ చీట్లు వచ్చిన రోజు నుంచి బడి బడిలా లేదు, తిరునాళ్ళలా ఉంది. నీ మాటలు పిల్లలకి అప్పుడే నోటికొచ్చేశాయి. తేలు మాట ఊళ్ళో పెళ్ళిచూపులదాకా వెళ్ళిందట. మాట్లాడని పిల్లలు మాట్లాడుతున్నారు, స్పానిష్ రానివాళ్ళు గొడవపడటానికైనా నేర్చుకుంటున్నారు. దీనికంతటికీ నీకు ఎన్నిసార్లు చేతులెత్తి మొక్కినా తక్కువే.

కానీ ఒక తప్పు కనిపెట్టాను. పిల్లలకి నేనే చేసిన అట్టల మీద బొమ్మ కింద మాట కూడా రాశాను, ఒక్కళ్ళు కూడా ఆ మాట వైపు చూడరు! బొమ్మ చూస్తారు, గింజ పెడతారు, గెలుస్తారు. చదువు అక్కడే ఉండిపోయింది. అందుకని పోయిన శుక్రవారం అట్టలన్నీ మార్చేశాను. బొమ్మలు లేవు. ఇప్పుడు అంతా మాటలే. మొదటిరోజు ఏడ్చారు. నేను కరగలేదు. బొమ్మ చూసి బతికేవాళ్ళకీ, కళ్ళు లేనివాళ్ళకీ నాకు పెద్ద తేడా కనిపించడం లేదు. నా పిల్లలు అలా కాకూడదు.

నాలుగో తారీఖు పునీత కసిమిర్ పండుగ, నీ పేరు పండుగ. నీకోసమే ప్రత్యేకంగా ఒక మాటల అట్ట బంగారు సిరాతో రాసి పంపుతున్నాను. కూర్చుని చదువుకో, ఏ మాట బాగా కుదిరిందో రాయి.

ఫ్లోరిందా ఇంకా నోరు విప్పలేదు.

నీ ఒదిలియా


కంపేచే,
20 మార్చి 1974

ఒదిలియాకు,

అట్ట అందింది. బంగారు సిరా బాగుందని చూసినవాళ్ళు చెప్పారు.

నీకు ఎవరు చెప్పారు? చెప్పినవాళ్ళకి నా తరఫున దండం పెట్టు. పండుగ పూట మంచి బహుమతే పంపావు.

కసిమిరా


చున్‌హా,
8 ఏప్రిల్ 1974

అత్తా,

నాలుగు ముక్కల ఉత్తరం రాశావు. ఆ మొదటి బిషప్ వాక్యమైనా లేదు. నాకు చాలా బాధ కలిగింది, ఆ మాట దాచను.

ఎవరు చెప్పారని అడిగావు. ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. నిజానికి చిన్నప్పటి నుంచీ పార్కులో నిన్ను చూస్తూ అనుకునేదాన్ని, ఈ ఆటలో చదువు లేకపోవడమే లోపమని. నీ మీద గౌరవంతో ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు పిల్లల బతుకు కాబట్టి తప్పలేదు. దానికి నీకింత కోపం రావాలా? బొమ్మలు తీసేస్తే ఆట చచ్చిపోతుందని నీ భయమా? ఆట నీ ఒక్కదాని సొత్తు కాదు కదా.

ఫ్లోరిందా సంగతి విను. మాటల అట్ట మీద ఆ పిల్ల ఒక్క గింజ కూడా తప్పు పెట్టదు! అంటే చదువుతోంది, లోపల. అందరికంటే ముందు వరస నింపుతుంది. నింపి, అరవదు. అట్టని పక్క పిల్ల వైపు జరుపుతుంది, ఆ పిల్ల అరుస్తుంది. నేను అట్ట తెప్పించుకుని చూసి సరే అంటాను, బెల్లం ముక్క ఇద్దరూ పంచుకుంటారు. "నువ్వే పైకి చదవచ్చు కదమ్మా, ఎందుకు చదవవు?" అని అడిగాను. "నీకు తెలుసుగా టీచరమ్మా" అంది. నాకేం తెలుసు? ఇదేం జవాబు? రెండు రోజులు తల పట్టుకున్నాను.

ఇంకా డెబ్భై నాలుగు రోజులే ఉన్నాయి. కోపం పక్కన పెట్టి ఒక్కసారి రా అత్తా. నీ గొంతుతో పిలువు. నాకు చదువు చెప్పింది బడి కాదు, నువ్వే. అమ్మ పోయి నేను నీ ఇంటికి వచ్చినప్పుడు రోజూ పేపరు మొత్తం గట్టిగా చదివించేదానివి. చావు ప్రకటనలు, ఓడల రాకపోకలు, తలుపు కింద తోసిన నోటీసులు, ఆఖరికి మందు సీసా మీద కాగితం కూడా. "నా కళ్ళు అలిసిపోయాయి, నువ్వు చదువు, నాకు వినాలనుంది" అనేదానివి. అలా ఎన్ని వేల పేజీలో. ఈ పిల్లకి కూడా ఏదో ఒకటి చెయ్యి.

ఒదిలియా


కంపేచే,
2 మే 1974

ఒదిలియా, బంగారూ,

ఈ ఉత్తరం నేను రాయడం లేదు. ఇదొక్కటే కాదు, ఏ ఉత్తరమూ నేను రాయలేదు. చర్చి వరండా కింద మిషన్ పెట్టుకుని జనం ఉత్తరాలు రాసిపెట్టే దోన్ ఎవరిస్తో ఉన్నాడే, ఆయన రాస్తాడు. నేను చెప్తాను. మొదట్లో ఆ బిషప్ వాక్యం ఆయనదే. వద్దంటే అలుగుతాడు. ఇప్పుడూ అలిగే కొడుతున్నాడు.

నీ ఉత్తరాలు కూడా ఆయనే చదివి వినిపిస్తాడు. మార్చి ఉత్తరంలో ఒకచోట గొంతు తగ్గించాడు. "ఏం మింగుతున్నావు, చదువు" అన్నాను. బొమ్మ చూసి బతికేవాళ్ళూ కళ్ళు లేనివాళ్ళూ ఒకటే అన్నావు. ఆ ఉత్తరంతో పాటు ఒక్క బొమ్మ లేని అట్ట, నీకోసమే ప్రత్యేకంగా అని. నీకెవరో నా గుట్టు చెప్పారనుకున్నాను. "ఎవరు చెప్పారు" అంటే "ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను, ఇన్నేళ్ళూ గౌరవంతో ఊరుకున్నాను" అని రాశావు. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఎవరిస్తో రెండోసారి చదివి, "కసిమిరా, ఈ పిల్లకి అసలు ఏమీ తెలియదు, ఇది అట్టల గురించి మాట్లాడుతోంది" అన్నాడు. నేను నమ్మలేదు. పది రోజులు ఆయనతోనూ మాట్లాడలేదు. తర్వాత ఆ పేపర్ల సంగతి మళ్ళీ చదివించుకున్నాను. అప్పుడు నమ్మాను.

అవునే. నాకు చదవడం రాదు. ఏడేళ్ళకే రేవులో చేపలు ఎండబెట్టే పనికి పెట్టారు. లోటెరియా పిలవడానికి అక్షరం అక్కర్లేదు, బొమ్మ చూస్తే చాలు. అందుకే ఆ పని పట్టుకున్నాను. నువ్వు వచ్చిన మొదటి రోజు పలక తెచ్చి చూపించావు. తలకిందులుగా పట్టుకున్నానేమోనని చెమటలు పట్టాయి. "కళ్ళు అలిసిపోయాయి" అన్నాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నా కళ్ళు అలిసిపోయే ఉన్నాయి. నీకు చదువు చెప్పానంటున్నావు. నేనేం చెప్పలేదమ్మా. నువ్వు చదివితేనే ఊళ్ళో ఎవరు చచ్చారో నాకు తెలిసేది.

తడిసిందన్న కాగితం తడవలేదు. నా పెట్టెలో ఉంది.

నీ బడికి నేనెలా వస్తాను? గెలిచిన పిల్ల అట్ట తెచ్చి నా చేతిలో పెడితే ఏమని సరిచూడను? ఇరవై ముగ్గురు పిల్లల ముందు నన్ను నిలబెట్టకు.

నీ అత్త


చున్‌హా,
12 మే 1974

మా అత్తా,

ఉత్తరం పట్టుకుని బడి వెనక కూర్చుని ఏడ్చాను. పిల్లలు వచ్చి ఎవరు పోయారని అడిగారు. "ఎవరూ పోలేదు, మా అత్త దొరికింది" అన్నాను.

నేనన్న ఆ మాటకి నా నోరు కోసుకోవాలి. క్షమించు. నువ్వు నాకు పెట్టిన భిక్ష నాకిప్పుడు అర్థమైంది. ఎనిమిదేళ్ళు ఒక పిల్ల నోటి వెంట వచ్చిన ప్రతి ముక్కనీ పని మానుకుని విన్నావు. నేనీ ఇరవై ముగ్గురినీ అంత శ్రద్ధగా ఒక్కరోజు వినలేదు. తప్పో ఒప్పో చూశానంతే.

దోన్ ఎవరిస్తో గారికి నా నమస్కారాలు. ఆ మొదటి వాక్యం మళ్ళీ పెట్టమను.

ఒక ఆలోచన. నీ చేతిలో బొమ్మల చీట్లు ఉంటాయి, పిల్లల ముందు మాటల అట్టలు ఉంటాయి. నువ్వు బొమ్మ చూసి పిలువు, వాళ్ళు మాట వెతుక్కుంటారు. సరిచూడటం మాత్రం నాకూ తోచలేదు, నేను పక్కనే ఉంటాను కదా. జూన్ ఎనిమిది శనివారం రా. బస్సు చెరుకు కాటా దగ్గర ఆగుతుంది.

నీ ఒదిలియా


కంపేచే,
10 జూన్ 1974

పరమపావనుని కరుణచే ప్రయాణాయాసమును అధిగమించి స్వగృహము చేరినదాననై వ్రాయునది:

ఎక్కడికి పోయావే నువ్వు? శనివారం బస్సు ఎత్తేశారని చెప్పి గురువారమే ఎక్కించేశారు. దిగితే బడికి తాళం. టీచరమ్మ పరీక్ష కాగితాల కోసం తాలూకా ఊరికి వెళ్ళింది, వానకి దారి తెగి అక్కడే చిక్కుకుపోయింది అన్నారు. నేనొకదాన్ని, సంచీ ఒకటి, చుట్టూ పిల్లలు. నార్సిసో వచ్చి తాళం తీశాడు. "మీరు పార్కులో పిలిచే ఆవిడా?" అన్నాడు. "అవును, నువ్వు పిల్లని బడి మాన్పించేవాడివా?" అన్నాను. నవ్వాడు, చెయ్యి కడుక్కొచ్చి బెంచీలు సర్దాడు.

ఇక నీకు తెలియనిది చెప్తాను. ఆట పెట్టాను. నేను బొమ్మ చూసి పిలుస్తున్నాను, పిల్లలు అట్ట మీద వేళ్ళు పెట్టి వెతుక్కుంటున్నారు. ఫ్లోరిందా ఎవరో నాకు ఎవరూ చూపించలేదు, చూడగానే తెలిసింది. వరస నింపి, అట్ట పక్కకి జరిపింది. పక్క పిల్ల "లోటెరియా!" అని అరిచింది. "అట్ట ఎవరిది?" అన్నాను. "ఎవరిదైతే వాళ్ళే తెండి" అన్నాను. ఫ్లోరిందా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది, నిలబడింది.

చూశాను. చీమల బారు. నువ్వు లేవు. పారిపోదామంటే మోకాలు.

"చూడు" అంది మెల్లగా.

"చూశాలే. చూస్తే ఏం లాభం? నాకు చదవడం రాదు" అన్నాను.

అరవై నాలుగేళ్ళలో ఆ మాట నేను నలుగురిలో గట్టిగా అన్నది అదే మొదటిసారి. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. "నిజంగానా?" అంది మాయాలో. "నిజంగానే. ఇందులో ఏముందో నీకే తెలియాలి. నువ్వు చెప్పకపోతే బెల్లం ఎవరికివ్వాలో నాకు తెలియదు" అన్నాను.

అప్పుడు నా మోకాలికి ఆనుకుని నిలబడి, మొదటి గడి మీద వేలు పెట్టింది. "గంట" అంది. గొంతు బొంగురుగా ఉంది, వాడకపోతే ఉంటుంది కదా. పిలిచిన చీట్లలోంచి గంట తీసి పక్కన పెట్టాను. "జింక." పెట్టాను. "పుచ్చకాయ." పెట్టాను. "ఓడ." "పెలికాన్." ఐదూ సరిపోయాయి. నేను "సరే" అనేలోపు ఆ పిల్ల ఆరో గడి మీదికి వెళ్ళింది. ఏడు. ఎనిమిది. గింజలు లేని గడులు కూడా. ఇరవై ఐదూ చదివింది ఒదిలియా, నాకోసం! ఒకటొకటీ నా మొహం చూసి, నాకు అందిందో లేదో కనుక్కుని మరీ చదివింది. నార్సిసో గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

నీకు ఎందుకు చదవలేదో అప్పుడు నాకు తెలిసింది. నీకు తెలిసినదాన్ని నీకే మళ్ళీ చెప్పడమెందుకని. పిచ్చిదానా, అదే చెప్పింది కదా నీతో.

ఆదివారం పార్కులో పిలవాలి కాబట్టి శనివారం తేనె లారీ మీద వచ్చేశాను. ఎంత భద్రంగా తీసుకొచ్చారో, నేనూ ఒక తేనె డబ్బానే.

మీ అందరి చల్లని మనసుకి నా దండాలు.

కసిమిరా అత్త


చున్‌హా,
23 జూన్ 1974

అత్తా,

మొన్న శుక్రవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముందే గుమ్మం దగ్గర ఆపి నీ ఉత్తరంలో సంగతి చెప్పాను. "నియమాల్లో అలాంటిదేమీ లేదు" అన్నాడు. కూర్చున్నాడు. ఫ్లోరిందాని పిలిచి పుస్తకం ఇచ్చాడు. ఆ పిల్ల పుస్తకం వైపు చూసింది, ఆయన కళ్ళద్దాల వైపు చూసింది, పెదవులు బిగించింది.

ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇవి లేకపోతే నాకు అక్షరం కనబడదమ్మా. ఇందులో ఏముందో చెప్తావా?" అన్నాడు. ఫ్లోరిందా దగ్గరికెళ్ళి ఆయన కళ్ళ ముందు చెయ్యి ఆడించి చూసింది! నిజమే, కనబడటం లేదని తేల్చుకుంది. ఒక పేజీ కాదు, పాఠం మొత్తం చదివింది. మధ్యలో ఒకచోట ఆగి, "అర్థమైందా?" అని ఆయన్ని అడిగింది. అర్థమైందన్నాడు. రిజిస్టర్లో రాస్తూ జేబులోని కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయి పేరు తప్పు గడిలో రాశాడు, మళ్ళీ దిద్దాడు. పై తరగతి! నార్సిసో బడికి ఒక తేనె సీసా తెచ్చాడు, నీకొకటి విడిగా.

ఇప్పుడు నేను కూడా మారాను. ఆట అయ్యాక అట్ట సరిచూసేటప్పుడు కిటికీ వైపు తిరిగి నిలబడతాను. గెలిచిన పిల్ల చదువుతుంది, నేను వింటాను. నువ్వు నాకు చేసినదే. ఎంత ఆలస్యంగా నేర్చుకున్నానో!

దీనితోపాటు అంటించిన కవరు ఒకటి ఉంది. ఫ్లోరిందా నీకు రాసింది. నన్ను చూడనివ్వలేదు. పైన రాసింది మాత్రం నీకు చెప్పమంది: "విప్పకూడదు. మిషన్ తాతకి ఇవ్వకూడదు. సెలవుల్లో నేనొచ్చి చదువుతాను." జూలై ఆరున తీసుకొస్తున్నాను. నార్సిసో సరేనన్నాడు.

నీ ఒదిలియా


కంపేచే,
30 జూన్ 1974

దయామయుడైన ప్రభువు సంకల్పము వలన, కుతూహలాగ్నిచే దహింపబడుచున్న ఈ లేఖకుని చేతి మీదుగా వ్రాయునది:

చూశావా, తన బాధ కూడా కలిపేశాడు. కవరు అందిన దగ్గర్నుంచి ఎవరిస్తో రోజూ మా ఇంటికి వస్తున్నాడు. కాఫీ తాగుతాడు, చీట్ల సంచీ పక్కన పెట్టిన కవరు వైపు చూస్తాడు. "కసిమిరా, ఆవిరి పట్టి విప్పితే ఎవరికీ తెలియదు, మళ్ళీ అంటించేద్దాం" అంటాడు. ముట్టుకుంటే చెయ్యి విరుగుతుందన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా నాకు వచ్చిన ప్రతి ఉత్తరానికీ ముందు సిగ్గుపడ్డాను, తర్వాత చదివించుకున్నాను. దీనికి సిగ్గుపడటం లేదు. రోజూ చేత్తో తీసుకుని బరువు చూస్తాను. రెండు కాగితాలుంటాయి. నాకు చదవడం రాదని తెలిసి, తనే వచ్చి చదువుతానని రాసిన ఉత్తరం నా బతుకులో ఇదొక్కటే.

ఆరో తారీఖున కసోన్ చేపతో పొరల రొట్టె చేస్తున్నాను. గుమ్మం పక్కన, వెలుతురు బాగా పడేచోట రెండు కుర్చీలు వేశాను. ఒకటి ఆ పిల్లకి, ఒకటి నాకు. నువ్వూ ఎవరిస్తో నిలబడి వినండి.

మీ కసిమిరా